కరెంటు పోయినా లెక్క తప్పని ప్రోగ్రాం

అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల బోర్డులు చదువుకుంటూ పోతే ఎంబెడెడ్ సిస్టమ్స్ (యంత్రాల లోపల ఇమిడ్చిన చిన్న కంప్యూటర్లకు ప్రోగ్రాం రాయడం) ఒక కోర్సు, ఐఓటీ (వస్తువులను ఇంటర్నెట్‌కు కలపడం) ఇంకో కోర్సు, ఆండ్రాయిడ్ మరో కోర్సు. ఫీజు వేరు, బ్యాచ్ వేరు, చెప్పే సారు వేరు. ఈసీఈ మూడో ఏడాదిలో ఉన్న కుర్రాళ్లు వీటిని చూసి తికమకపడతారు. ఒకటి పట్టుకుంటే మిగతా రెండూ వదులుకున్నట్టేనని భయం. ‘అన్నా, ఫోన్ యాప్స్ నేర్చుకోవాలా, ఎంబెడెడ్‌లోకి వెళ్లాలా?’ అని అడిగేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. రెండింటికీ అడుగున ఉన్న ప్రశ్న ఒకటే, ముందు దాన్ని పట్టుకోండి. పని సగంలో ఉండగా మీ ప్రోగ్రాం ఆగిపోతే ఏమవుతుంది?

కాలేజీ ల్యాబులో రాసే సి ప్రోగ్రాంకి ఈ బాధ లేదు. మొదలవుతుంది, రెండు అంకెలు అడుగుతుంది, జవాబు చూపిస్తుంది, అయిపోతుంది. ఆర్టీసీ కండక్టర్ చేతిలోని టిక్కెట్లిచ్చే టిమ్ మిషన్, నెలనెలా ఇంటికొచ్చి కరెంటు బిల్లు కొట్టిచ్చే స్పాట్ బిల్లింగ్ మిషన్, రేషన్ షాపులో వేలిముద్ర తీసుకునే ఈ-పోస్, పొలంలో బోరు దగ్గరి మొబైల్ స్టార్టర్... వీటిలో ఏ ప్రోగ్రామూ తనంతట తాను ముగియదు. బ్యాటరీ అయిపోతుంది, త్రీఫేజ్ పోతుంది, సిగ్నల్ పోతుంది. ఫోన్‌లో అయితే మెమరీ చాలనప్పుడు ఆండ్రాయిడే మీ యాప్‌ని చంపేస్తుంది, అదీ ముందుగా చెప్పకుండా. ఎప్పుడు మొదలవ్వాలో, ఎప్పుడు ఆగాలో ప్రోగ్రాం చేతిలో లేని చోట కోడ్ ఎలా రాయాలన్నదే ఈ విద్య మొత్తం. మిగతాదంతా టూల్స్ గొడవ.

స్టార్టర్ పెట్టెలో ఏం జరుగుతుంది

తెలుగు రైతుకు బాగా పరిచయమైన ఎంబెడెడ్ పరికరం మొబైల్ స్టార్టరే. అందులో సిమ్ కార్డు ఉంటుంది. ఇంట్లో కూర్చుని ఫోన్ చేస్తే బోరు మోటారు ఆన్ అవుతుంది. అర్ధరాత్రి త్రీఫేజ్ వస్తే పాముల మధ్య, తడి నేలలో నడిచి స్టార్టర్ దాకా పోయే పని తప్పింది.

పెట్టె విప్పితే కనిపించేవి తక్కువే. ఒకే చిప్‌లో ఇమిడిన చిన్న కంప్యూటర్ లాంటి మైక్రోకంట్రోలర్, ఫోన్ నెట్‌వర్క్‌తో మాట్లాడే జీఎస్ఎమ్ మోడెమ్, మోటారుకు కరెంటు కలిపే పెద్ద స్విచ్చు కాంటాక్టర్, దాన్ని లాగే చిన్న స్విచ్చులు రిలేలు, మూడు ఫేజుల వోల్టేజీ చూసే సర్క్యూటు, మోటారు ఎంత కరెంటు తీసుకుంటోందో కొలిచే సీటీ, అంటే కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్. మోడెమ్‌తో మైక్రోకంట్రోలర్ మాట్లాడేది రెండు తీగల మీద, ఏటీ కమాండ్ల భాషలో.

ఇక ప్రోగ్రాం చేయాల్సిన పని చూడండి. మూడు ఫేజుల్లో ఒకటి పోతే మోటారు వైండింగ్ కాలిపోతుంది, వెంటనే ఆపాలి. కరెంటు మామూలుకన్నా బాగా తగ్గితే బోరులో నీళ్లు లేవని అర్థం, ఆపాలి. బాగా పెరిగితే ఓవర్‌లోడ్, ఆపాలి. ఇదంతా చూస్తుండగానే ఫోన్ వస్తే ఆ నంబరు యజమానిదో కాదో చూడాలి. యజమానిదైతే జవాబు చెప్పాలి, ఎస్సెమ్మెస్ పంపాలి. మోడెమ్ నుంచి జవాబు రావడానికి ఒక్కోసారి చాలా సెకన్లు పడుతుంది. ఆలోగా ఫేజ్ పోతే ‘ఉండు, మెసేజ్ పంపుతున్నా’ అంటే మోటారు వినదు.

అసలు చిక్కు కరెంటు తిరిగొచ్చినప్పుడు మొదలవుతుంది. ప్రోగ్రాం మళ్లీ మొదటి వరస నుంచి నడుస్తుంది. కరెంటు పోకముందు మోటారు ఆన్‌లో ఉందా, రైతే ఆపేశాడా, నీళ్లు లేక తనే ఆపిందా? ర్యామ్‌లో ఉన్నదంతా చెరిగిపోయింది కాబట్టి వేరే ఎక్కడైనా రాసుకుని ఉంటే తప్ప తెలియదు. పోనీ, కరెంటు రాగానే ఆన్ చేసేద్దామంటే ఇంకో సమస్య ఉంది. మోటారు నేరుగా స్టార్ట్ అయ్యేటప్పుడు మామూలుగా తీసుకునే కరెంటుకు దాదాపు ఆరు రెట్లు లాగుతుంది. ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న స్టార్టర్లన్నీ ఒకే క్షణంలో ఆ పని చేస్తే ట్రాన్స్‌ఫార్మర్ తట్టుకోవాలిగా. అందుకని ఒక్కో పెట్టె ఒక్కోలా కొంతసేపు ఆగి స్టార్ట్ చేసేట్టు రాయాలి.

ఇక్కడో పక్క మాట. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైనప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వమే రైతులను కోరింది. కరెంటు ఉన్నంతసేపూ మోటార్లు వాటంతటవే తిరుగుతూ ఉంటే భూగర్భజలం అడుగంటుతుందన్నది కారణం. ‘కరెంటు వస్తే ఆన్ చెయ్యి’ అన్నది ప్రోగ్రాంలో మహా అయితే మూడు వరసలు. ఆ మూడు వరసల మీద ఒక రాష్ట్రం మాట్లాడుకుంది.

2 కిలోబైట్లలో కాపురం

చాలామంది మొదట చేతబట్టే బోర్డు ఆర్డుయినో ఊనో. దాని మీదున్న ఏటీమెగా 328పీ చిప్‌లో ప్రోగ్రాం ఉండే ఫ్లాష్ 32 కిలోబైట్లు, పనిచేసుకునే ర్యామ్ 2 కిలోబైట్లు, కరెంటు పోయినా నిలిచే ఈఈప్రామ్ 1 కిలోబైటు. వేగం 16 మెగాహెర్ట్జ్. వాట్సాప్‌లో వచ్చే గుడ్ మార్నింగ్ బొమ్మ కూడా ఇందులో పట్టదు.

చోటు తక్కువ కావడం ఒక ఎత్తు. అంకెల కొలతలే మారిపోవడం ఇంకో ఎత్తు, కొత్తవాళ్లు ఎక్కువగా బోల్తాపడేది ఇక్కడే. పీసీలో ఇంట్ అంటే 4 బైట్లు, ఊనోలో 2 బైట్లే. అందులో పట్టే పెద్ద అంకె 32,767. ఒక నిమిషం ఆగమని చెప్పడానికి డిలే ఫంక్షన్‌కు ‘60 ఇంటూ 1000’ అని రాస్తారు. 60,000 రావాల్సిన చోట 32,767 దాటి చుట్టు తిరిగి మైనస్ 5,536 వస్తుంది. డిలే ఫంక్షన్‌కు మైనస్ అంటే తెలియదు, అది తీసుకునేది గుర్తులేని 32 బిట్ల అంకె. కాబట్టి ఆ మైనస్ 5,536 కాస్తా 429 కోట్లు దాటిన మిల్లీసెకన్లు అవుతుంది. నిమిషం ఆగాల్సిన ప్రోగ్రాం దాదాపు 50 రోజులు ఆగుతుంది. మీకేమో బోర్డు చచ్చిపోయినట్టు కనిపిస్తుంది. 1,000 పక్కన యూఎల్ అనే రెండక్షరాలు చేరిస్తే లెక్క 32 బిట్లలో జరుగుతుంది, సరిపోతుంది. 1996 జూన్ 4న ఏరియాన్ 5 రాకెట్ తొలి ప్రయోగంలోనే, ఎగిరి నిమిషం కూడా కాకముందే పేలిపోయిందంటే దాని వెనకున్నదీ ఈ కుటుంబపు తప్పే. 64 బిట్ల దశాంశ అంకెను 16 బిట్లలో కుదించబోతే పట్టలేదు.

తెలుగులో మెసేజ్ చూపించాలనుకుంటే ఈ ఇరుకు ఇంకా బాగా తెలుస్తుంది. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు, తెలుగులో ప్రతి గుర్తుకూ 3 బైట్లు. ‘స్త్రీ’ అని మనం ఒక్క అక్షరంగా రాసేది కంప్యూటర్‌కు ఆరు గుర్తులు, 18 బైట్లు. మార్కెట్లో చవగ్గా దొరికే 16 అక్షరాల రెండు వరసల ఎల్సీడీలో మనం గీసుకోగలిగే కొత్త ఆకారాలు ఎనిమిదే, అవీ ఒక్కోటి 5 చుక్కల వెడల్పు, 8 చుక్కల ఎత్తు. అందులో ‘మోటారు’ అన్న మాటను చదవగలిగేట్టు రాయడం ఇంచుమించు అసాధ్యం. ఎస్సెమ్మెస్‌లోనూ అంతే. ఇంగ్లిష్‌లో ఒక మెసేజ్‌కి 160 అక్షరాలు పడితే మామూలుగా పంపే తెలుగు మెసేజ్‌కి 70 గుర్తులే.

అందుకే ఇలాంటి పరికరాల్లో తెరమీద ఇంగ్లిష్ పొడిమాటలు, ఫోన్‌లో తెలుగు గొంతు. గొంతు మాత్రం తేలికా అంటే అదీ లెక్కే. టెలిఫోన్ నాణ్యత శబ్దానికి సెకనుకు 8,000 శాంపిళ్లు, ఒక్కోటి ఒక బైటు అనుకుంటే 32 కిలోబైట్ల ఫ్లాష్ మొత్తం కలిపినా 4 సెకన్ల మాటకు సరి. ఇక ప్రోగ్రాంకి చోటేది? కాబట్టి గొంతుకు పక్కన వేరే ఫ్లాష్ చిప్ పెట్టాలి. రైతుతో తెలుగులో మాట్లాడాలన్న మంచి ఆలోచన సర్క్యూట్ బోర్డు మీద ఇంకో చిప్పుగా, ఇంకో ఖర్చుగా తేలుతుంది. ఎంబెడెడ్‌లో ప్రతి కోరికా ఇలాగే తేలుతుంది.

టైమే పెద్ద తలనొప్పి

ఎల్ఈడీ వెలిగించి ఆర్పడం అందరూ చేసే మొదటి ప్రోగ్రాం. వెలిగించు, ఒక సెకను ఆగు, ఆర్పు, ఒక సెకను ఆగు. బాగానే ఉంటుంది. దానికి ఒక బటన్ చేర్చండి, నొక్కితే బజర్ మోగాలని. నాలుగుసార్లు నొక్కితే ఒకసారి మోగుతుంది. ‘ఆగు’ అన్న సెకనులో ప్రోగ్రాం గుడ్డిది, చెవిటిది. మన స్టార్టర్ అలా ఐదు సెకన్లు ఆగితే ఆ ఐదు సెకన్లూ మోటారు రెండు ఫేజుల మీద తిరుగుతూ కాలుతుంటుంది.

దీనికి పరిష్కారం ఆగకపోవడం. గడియారం చూసుకుంటూ తిరగడం. ఎల్ఈడీ మార్చి సెకను అయిందా? కాలేదు, సరే. బటన్ నొక్కారా? లేదు, సరే. ఫేజులు మూడూ ఉన్నాయా? ఉన్నాయి. మళ్లీ మొదటికి. ఈ చుట్టు సెకనుకు వేలసార్లు తిరుగుతుంది. మోటారు ఇప్పుడు ఏ స్థితిలో ఉందన్నది ఒక వేరియబుల్‌లో ఉంచుకోవాలి. ఆపి ఉంది, స్టార్ట్ కోసం ఎదురుచూస్తోంది, తిరుగుతోంది, ట్రిప్ అయింది. ఏ స్థితి నుంచి ఏ స్థితికి దేనివల్ల వెళ్లొచ్చో కాగితం మీద గీసుకుని ఆ తర్వాతే కోడ్ రాయాలి. దీన్నే స్టేట్ మెషీన్ అంటారు. ఎంబెడెడ్ నేర్చుకోవడంలో మొదటి గడప ఎల్ఈడీ వెలిగించడం కాదు, డిలే వాడటం మానేయడం అని నా నమ్మకం. ఈ గడప దాటకుండా బ్లూటూత్, వైఫై, క్లౌడ్ అంటూ ఎన్ని చేర్చినా బొమ్మే తయారవుతుంది.

గడియారం చూసుకోవడంలో ఒక మెలిక ఉంది. ఆర్డుయినోలో మిల్లీస్ అనే ఫంక్షన్ బోర్డు ఆన్ అయినప్పటి నుంచి గడిచిన మిల్లీసెకన్లు చెబుతుంది. అది 32 బిట్ల అంకె. 4,294,967,295 దాటాక సున్నాకి పడిపోతుంది, అంటే 49.7 రోజులకోసారి. ‘ఇప్పటి టైముకు 1,000 కలిపి, గడియారం దాన్ని దాటిందా’ అని చూసే కోడ్ ఆ రోజున తప్పుతుంది. అదే ‘ఇప్పటి టైములోంచి మొదటి టైము తీసేస్తే 1,000 అయిందా’ అని రాస్తే తప్పదు. మొదలు 4,294,967,000 దగ్గర అనుకోండి. మరో 296 మిల్లీసెకన్లకు గడియారం సున్నా అయింది, ఆ తర్వాత 704 చూపిస్తోంది. 704లోంచి అంత పెద్ద అంకె తీసేస్తే మైనస్ రావాలి కదా అనిపిస్తుంది. గుర్తులేని 32 బిట్ల లెక్కలో వచ్చేది సరిగ్గా 1,000. అంకె చుట్టు తిరగడమే ఇక్కడ మనల్ని కాపాడుతుంది.

బల్ల మీద 49 రోజులు నడిపి చూసే ఓపిక ఎవరికీ ఉండదు. పొలంలో పెట్టెకు తప్పదు. ఇది చిన్న కంపెనీల చిల్లర తప్పు అనుకోకండి. బోయింగ్ 787 విమానంలో జనరేటర్లను నడిపే కంట్రోల్ యూనిట్లు ఆపకుండా 248 రోజులు ఆన్‌లో ఉంటే లోపలి సాఫ్ట్‌వేర్ కౌంటర్ నిండిపోయి నాలుగూ ఒకేసారి పక్కకు తప్పుకునే ప్రమాదం ఉందని 2015లో అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ ఆదేశం జారీచేసింది. సెకనులో నూరో వంతును లెక్కపెట్టే 32 బిట్ల కౌంటర్, ఒక బిట్టు ప్లస్-మైనస్ గుర్తుకు పోగా, సరిగ్గా 248 రోజులకే నిండుతుంది. అప్పటికి సూచించిన మందు మనింట్లో సెట్‌టాప్ బాక్స్‌కు వాడేదే: అప్పుడప్పుడూ కరెంటు ఆపి వేయడం.

మధ్యలో తలుపు తట్టేవాళ్లు

కొన్ని సంగతులు చుట్టు తిరిగి వచ్చేదాకా ఆగవు. నీళ్ల పైపులోని ఫ్లో మీటర్ గిర్రున తిరుగుతూ పల్సులు పంపుతుంటుంది. ప్రతి పల్సుకూ ప్రాసెసర్ చేస్తున్న పని ఆపి, ఒకటి కలిపి, మళ్లీ పాత పనిలోకి పోతుంది. ఇది ఇంటరప్ట్. ఇంతవరకు పుస్తకాల్లో బాగానే చెబుతారు.

చెప్పనిది ఇది. ఊనోలోది 8 బిట్ల ప్రాసెసర్, 2 బైట్ల కౌంటర్‌ని అది రెండు దఫాల్లో చదువుతుంది. కౌంటర్ 255 దగ్గర ఉంది. కింది బైటు చదివింది, 255. పై బైటు చదివేలోపు ఒక పల్సు వచ్చింది, కౌంటర్ 256 అయింది, అంటే పై బైటు 1, కింది బైటు 0. తిరిగొచ్చి పై బైటు చదివింది, 1. రెండూ కలిపితే 511. కౌంటర్‌లో ఆ అంకె ఏ క్షణానా లేదు. రోజుకోసారో, నెలకోసారో మీటరు ఉన్నట్టుండి ఎగిరి, మళ్లీ మామూలవుతుంది. ‘సెన్సర్ పాడైంది’ అని మార్చేస్తారు. మళ్లీ అదే. చదివే ఆ రెండు దఫాల మధ్య ఇంటరప్ట్‌ను ఆపి ఉంచడం, ఆ వేరియబుల్‌కు వోలటైల్ (ప్రతిసారీ మెమరీ నుంచే తాజాగా చదవమని కంపైలర్‌కు చెప్పే మాట) అని ముందు మాట పెట్టడం, ఈ రెండూ చేస్తే పోతుంది. మొత్తం మూడు వరసలు. వాటి అవసరం తెలుసుకోవడానికే నెలలు పడుతుంది.

పనులు ఒకదానికొకటి అడ్డుపడే ఇలాంటి జబ్బే పెద్ద రూపంలో అంగారకుడి మీద కనిపించింది. 1997 జులై 4న దిగిన నాసా మార్స్ పాత్‌ఫైండర్ కొద్ది రోజులకే తనంతట తాను రీసెట్ అవడం మొదలుపెట్టింది. అందులో వీఎక్స్‌వర్క్స్ అనే ఆర్టీఓఎస్, అంటే రియల్ టైమ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఉంది. పనులకు వరసక్రమం ఉంటుంది, పైపని వస్తే కిందిపని ఆగాలి. వాతావరణం కొలిచే కిందిస్థాయి పని అందరూ వాడుకునే ఒక వనరుకు తాళం వేసుకుంది. అదే వనరు కావాల్సి వచ్చిన పైస్థాయి పని తాళం కోసం ఆగింది. ఈలోగా వీటితో సంబంధమే లేని మధ్యస్థాయి పని వచ్చి కిందిదాన్ని పక్కకు నెట్టి తన పని చేసుకుంటూ కూర్చుంది. కిందిది కదలదు, తాళం రాదు, పైది ఆగిపోయింది. పైస్థాయి పని గడువులోగా పూర్తికాలేదని గమనించి వ్యవస్థ మొత్తాన్ని రీసెట్ చేసింది కాపలా ఏర్పాటు. తాళం చేతిలో ఉన్నంతసేపు కిందిదానికి పైదాని హోదా ఇచ్చే సదుపాయం వీఎక్స్‌వర్క్స్‌లో ఉంది, దాన్ని ఆన్ చేయలేదంతే. భూమ్మీద నుంచి మార్పు పంపి ఆన్ చేశారు. ప్రయోగానికి ముందు పరీక్షల్లోనే ఈ రీసెట్లు అరుదుగా కనిపించాయి, మళ్లీ రప్పించలేక వదిలేశారు.

రియల్ టైమ్ అంటే వేగం అనుకుంటారు చాలామంది. గడువు దాటకపోవడమే రియల్ టైమ్. పాత్‌ఫైండర్ ప్రాసెసర్‌కు వేగం చాలక వచ్చిన చిక్కు కాదది.

మన బోర్డుల్లో ఇలాంటి కాపలా కాసేది వాచ్‌డాగ్ టైమర్. ప్రోగ్రాం దాన్ని మాటిమాటికీ పలకరిస్తూ ఉండాలి, పలకరింపు ఆగితే అది బోర్డుని రీసెట్ చేస్తుంది. నేర్చుకునేవాళ్లు తెలివిగా ఆ పలకరింపును టైమర్ ఇంటరప్ట్‌లో పెడతారు. ప్రధాన చుట్టు ఎక్కడో చిక్కుకుపోయినా ఇంటరప్ట్ మాత్రం వస్తూనే ఉంటుంది, వాచ్‌డాగ్ అంతా బాగుందనుకుంటుంది. పలకరింపు ఉండాల్సింది ప్రధాన చుట్టులో, ఒక్కచోటే.

రాసుకోవడం ఎప్పుడు, ఎక్కడ

గుర్తుపెట్టుకోవాల్సింది ఈఈప్రామ్‌లో రాసుకుంటే సరిపోదా? ఏటీమెగా 328పీ ఈఈప్రామ్‌లో ఒక్కో చోట లక్షసార్లు రాయొచ్చని తయారీదారు హామీ. లక్ష చాలా పెద్ద అంకె అనిపిస్తుంది. మోటారు తిరిగిన టైముని సెకనుకోసారి ఒకే చోట రాస్తూ పోతే ఆ లక్ష 28 గంటల్లో అయిపోతుంది. ఆ వెంటనే పాడవుతుందని కాదు, హామీ పోయిందని. కాబట్టి మారినప్పుడే రాయాలి, చోట్లు మార్చుకుంటూ రాయాలి.

ఇంకోటి, ఒక్క బైటు రాయడానికి 3 మిల్లీసెకన్ల పైనే పడుతుంది. నాలుగు బైట్ల అంకె రాస్తుండగా రెండో బైటు దగ్గర కరెంటు పోతే సగం పాతది, సగం కొత్తది కలిసిన దొంగ అంకె మిగులుతుంది. అందుకే రెండు చోట్ల మార్చి మార్చి రాసి, ఒక్కోదాని పక్కన వరస నంబరు, చెక్‌సమ్ (రాసింది చెడిపోలేదని సరిచూసుకునే అంకె) పెడతారు. లేవగానే రెండూ చూసి, చెక్‌సమ్ సరిపోయినవాటిలో కొత్తది తీసుకోవడమే. ఎంత చెడ్డా ఒక్క అడుగు వెనకటి లెక్క దొరుకుతుంది.

టిక్కెట్ మిషన్‌లో ఈ వరస మీద డబ్బు లెక్క ఆధారపడుతుంది. టిక్కెట్ అచ్చేసి, ఆ తర్వాత లెక్కలో రాస్తే? మధ్యలో బ్యాటరీ పోతే ప్రయాణికుడి చేతిలో టిక్కెట్ ఉంటుంది, లెక్కలో ఉండదు. ముందు లెక్కలో రాసి, ఆ తర్వాత అచ్చేస్తే? బ్యాటరీ పోతే లెక్కలో డబ్బు ఉంటుంది, టిక్కెట్ రాలేదు, ఆ తేడా కండక్టర్ తన జేబులోంచి కట్టుకోవాలి. ఏ వరసలో చేసినా ఒకరికి నష్టమే. దారి ఏమిటంటే, ‘ఈ నంబరు టిక్కెట్ అచ్చేయబోతున్నా’ అని ముందు రాసి, అచ్చేసి, ‘అచ్చయింది’ అని రాయడం. మిషన్ లేవగానే మొదటి గుర్తు ఉండి రెండోది లేని టిక్కెట్ కనిపిస్తే కండక్టర్‌నే అడగడం: ఈ టిక్కెట్ బయటికి వచ్చిందా, రాలేదా? యంత్రానికి తెలియనిది మనిషిని అడగాలన్న ఇంగితం కూడా ప్రోగ్రాంలో భాగమే. బ్యాంకుల డేటాబేస్‌లు చేసేదీ దాదాపు ఇదే, పెద్ద పేర్లతో.

ఫోన్ దగ్గరికొస్తే

ఫోన్ ఇప్పుడు కంప్యూటర్ అంత శక్తిగలది కాబట్టి ఈ గోల ఉండదనుకుంటారు. శక్తి సంగతి నిజమే. 1996లో వచ్చిన పామ్ చేతి కంప్యూటర్ పైలట్ 1000లో మెమరీ 128 కిలోబైట్లు. నోకియా సిరీస్ 40 తొలి ఫోన్లలో జావా ఆట ఫైలు మొత్తం 64 కిలోబైట్లు దాటకూడదు. ఆ రోజుల్లో హ్యాండ్‌హెల్డ్ ప్రోగ్రామింగ్ అంటే బైట్లు లెక్కపెట్టుకోవడమే. 2008లో ఆండ్రాయిడ్ వచ్చాక ఆ ఇరుకు పోయింది. కానీ ఎప్పుడు ఆగిపోతామో తెలియకపోవడం అలాగే ఉంది.

కొత్తవాళ్ల యాప్‌ని పరీక్షించడానికి నేను చేసే పని ఒకటే. ఫారంలో సగం నింపి, ఫోన్‌ని అడ్డం తిప్పుతాను. సగం యాప్‌లలో నింపిందంతా మాయమవుతుంది. తెర తిరిగితే ఆండ్రాయిడ్ ఆ యాక్టివిటీని (యాప్‌లోని ఒక తెరను) చంపి కొత్తగా పుట్టిస్తుంది. ‘తెర వివరాలను మెమరీలో నిలిపి ఉంచే వ్యూమోడల్ వాడాను, తిప్పినా పోదు’ అని కొందరు ధైర్యంగా చెబుతారు. నిజమే, తిప్పడం వరకు. మీరు ఓటీపీ చూసుకోవడానికి వేరే యాప్‌లోకి వెళ్లినప్పుడు సిస్టమ్ మెమరీ కోసం మీ ప్రాసెస్‌నే చంపితే వ్యూమోడల్ కూడా దానితో పాటే పోతుంది. కోర్సుల్లో పైపైన చెప్పి వదిలేసే తేడా ఇది. చిన్న వివరాలు ఆండ్రాయిడ్ దాచిపెట్టి తిరిగిచ్చే సేవ్డ్ స్టేట్‌లో, పోగొట్టుకోకూడనివి డేటాబేస్‌లో ఉండాలి. ఏది ఎక్కడ ఉండాలో నిర్ణయించడం, ర్యామ్‌కూ ఈఈప్రామ్‌కూ మధ్య పంచినట్టే. డెవలపర్ ఆప్షన్స్‌లో ‘డోంట్ కీప్ యాక్టివిటీస్’ అని ఒక మీట ఉంది. అది ఆన్ చేసుకుని వారం రోజులు మీ యాప్‌ని వాడండి, లోపాలు చాలావరకు బయటపడతాయి.

రెండో సంగతి బ్యాటరీ. 2015లో ఆండ్రాయిడ్ 6తో డోజ్ వచ్చింది, ఫోన్ కదలకుండా ఉంటే యాప్‌ల పనులు వాయిదా పడతాయి. 2017లో ఆండ్రాయిడ్ 8 వెనకాల నడిచే సర్వీసుల మీద మరిన్ని కట్టుబాట్లు పెట్టింది. వీటిపైన కొన్ని ఫోన్ కంపెనీలు సొంతంగా ఇంకా కఠినంగా చంపుతాయి. ‘ప్రతి నిమిషం సర్వర్‌ని అడుగుదాం’ అన్న ఆలోచన ఫోన్‌లో నడవదు. పని వివరం ఆండ్రాయిడ్‌లోని వర్క్‌మేనేజర్ అనే ఏర్పాటుకి అప్పజెప్పి, అది లేపినప్పుడు లేచి, చేసి, పడుకోవాలి. ఐఫోన్‌లో ఈ కట్టుబాటు మొదటి నుంచీ ఇంకా గట్టిగా ఉంది.

యాప్‌లు కట్టే ఫ్లట్టర్ అనే టూల్ నేర్చుకుంటే రెండు ఫోన్లకూ ఒకే కోడ్ కదా అంటారు. తెరల వరకు అంతే, హాయిగా ఉంటుంది. బ్లూటూత్‌తో బోర్డుతో మాట్లాడాలి, తెర ఆరిపోయినా పని జరగాలి అన్నప్పుడు మళ్లీ ఆండ్రాయిడ్, ఐఓఎస్ పద్ధతులు విడివిడిగా తెలియాల్సిందే.

ఏ వరసలో మొదలుపెట్టాలి

సి రాకుండా ఎంబెడెడ్ లేదు, ఇంకా చాలాకాలం ఉండదు కూడా. మొత్తం సి అక్కర్లేదు. ఏ రకం ఎన్ని బైట్లు, పాయింటర్లు, స్ట్రక్చర్లు, బిట్లను ఒక్కొక్కటిగా ఆన్-ఆఫ్ చేయడం, ఇవి చేతికి రావాలి. చిన్న బోర్డుల కోసం కుదించిన పైథాన్, మైక్రోపైథాన్‌తో మొదలుపెట్టడం తప్పేం కాదు, ఉత్సాహం నిలుస్తుంది. అయితే పైన చెప్పిన మైనస్ 5,536 లాంటివన్నీ అది దాచేస్తుంది, దాచినవి ఉద్యోగంలో ఎదురవుతాయి. ఇక మన కాలేజీల్లో ఇంకా చెప్పే 8051. ఇంటెల్ 1980లో తెచ్చిన చిప్, 128 బైట్ల ర్యామ్. పాతదని తిట్టేవాళ్లున్నారు గానీ రిజిస్టరు అంటే ఏమిటో అంత తేటగా చూపించేది తక్కువ. ఒక నెల చూడండి చాలు, ఆప్‌కోడ్లు (చిప్ ఆదేశాల అంకెలు) బట్టీపట్టకండి.

బోర్డులకు హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీ ఉంది. ఊనో క్లోన్ ఒకటి, వైఫై, బ్లూటూత్ ఉన్న ఈఎస్‌పీ 32 బోర్డు ఒకటి, కొన్ని వందల రూపాయల్లో వస్తాయి. రెండో బోర్డు కొనేముందు మల్టీమీటర్ కొనండి. ఎంబెడెడ్‌లో తప్పు కోడ్‌లోనే ఉండాలని లేదు, తీగలో ఉండొచ్చు. రిలేని నేరుగా పిన్‌కు కలిపేస్తుంటారు. 5 వోల్టుల రిలే కాయిల్ సుమారు 70 మిల్లీయాంపులు అడుగుతుంది, ఏటీమెగా పిన్ పరమ హద్దు 40. మధ్యలో ట్రాన్సిస్టర్ ఉండాలి, కాయిల్‌కు అడ్డంగా డయోడ్ ఉండాలి. డయోడ్ మర్చిపోతే రిలే ఆఫ్ అయిన ప్రతిసారీ వచ్చే వోల్టేజీ పోటుకు బోర్డు రీసెట్ అవుతుంది, మీరేమో రాత్రంతా కోడ్‌లో వెతుకుతుంటారు. బోర్డు లేనివాళ్లు బ్రౌజర్‌లోనే వోక్వీ సిమ్యులేటర్‌తో మొదలుపెట్టొచ్చు. స్టేట్ మెషీన్, టైము సంగతులు అందులోనే వస్తాయి. పోట్లు, తుప్పు, వదులైన స్క్రూలు రావు.

ఫైనలియర్ ప్రాజెక్టు కొనుక్కునే సంప్రదాయం గురించి ఎక్కువ మాట్లాడను. ఇంటర్వ్యూలో ‘దీని ప్లగ్ పీకితే ఏమవుతుంది?’ అని అడిగితే కొన్నవాళ్లు దొరికిపోతారు, అంతే.

సొంతంగా చేయదలిస్తే ఫోన్, బోర్డు రెండూ కలిసేది ఎంచుకోండి. అపార్టుమెంటు ట్యాంకులో నీళ్ల మట్టం చూపించే పరికరం బాగుంటుంది. ఈఎస్‌పీ 32, ఒక అల్ట్రాసోనిక్ సెన్సర్, ఫోన్‌లో చిన్న యాప్. సాధారణంగా దొరికే సెన్సర్ 5 వోల్టుల జవాబు ఇస్తుంది, ఈఎస్‌పీ 32 పిన్ 3.3 వోల్టులకే, మధ్యలో రెండు రెసిస్టర్లు పెట్టుకోవాలి. ట్యాంకు మీద ప్లగ్ పాయింటు ఉండదు కాబట్టి బ్యాటరీ లెక్క మొదలవుతుంది. వైఫై ఆన్‌లో ఉంచితే సుమారు 100 మిల్లీయాంపులు అనుకుంటే, 2,000 ఎంఏహెచ్ సెల్ 20 గంటల్లో ఖాళీ. పావుగంటకోసారి లేచి, 5 సెకన్లు పనిచేసి, గాఢనిద్రలోకి పోయేట్టు రాస్తే సగటు 0.6 మిల్లీయాంపుల లోపే, కాగితం మీద నాలుగైదు నెలలు. తీరా కొలిస్తే అంత రాదు. చిప్ నిద్రపోతుంది గానీ బోర్డు మీది యూఎస్‌బీ చిప్, రెగ్యులేటర్, ఎర్ర ఎల్ఈడీ నిద్రపోవు. అప్పుడు మల్టీమీటర్‌ని వరసలో పెట్టి ఎవరు ఎంత తాగుతున్నారో పట్టుకోవాలి. నాకు తెలిసి ఈ పనిలో అంత మజా ఇచ్చే సాయంత్రం ఇంకోటి లేదు.

ఆ తర్వాత అప్‌డేట్ల సంగతి చూసుకోవాలి. పరికరం పైకప్పు ఎక్కాక ప్రతి చిన్న మార్పుకూ ల్యాప్‌టాప్ పట్టుకుని నిచ్చెన ఎక్కలేరు, కొత్త ఫర్మ్‌వేర్, అంటే పరికరం లోపలి ప్రోగ్రాం, వైఫై మీదే పోవాలి. అది సగం దిగాక కనెక్షన్ తెగితే? ఈఎస్‌పీ 32లో ప్రోగ్రాంకి రెండు గదులు పెట్టుకోవచ్చు. పాతది ఒక గదిలో నడుస్తుండగా కొత్తది రెండో గదిలోకి దిగుతుంది. పూర్తిగా దిగి, సరిచూసుకున్నాకే అందులోంచి మొదలవుతుంది. మొదలయ్యాక ‘నేను బాగానే ఉన్నా’ అని కొత్తది ఒప్పుకోకపోతే తర్వాతి రీసెట్‌లో పాతదానికే వెనక్కి పోయే ఏర్పాటూ ఉంది. ఆ ‘బాగానే ఉన్నా’ అన్న మాట లేవగానే చెప్పించకండి. సెన్సర్ చదివి, వైఫైకి కలిసి, సర్వర్‌కు ఒక మెసేజ్ చేరాక చెప్పించండి. పంపే ప్రతి మెసేజ్‌లో వెర్షన్ నంబరు కూడా చేర్చండి. ‘పనిచేయట్లేదు బాబూ’ అని ఫోన్ వచ్చినప్పుడు అవతలివాళ్లు చదివి చెప్పగలిగే పనికొచ్చే వివరం అదొక్కటే ఉంటుంది.